తుపాకీ పేలగానే లేచి నిలబడాలి

మ్యాజిక్ నేర్చుకోవాలని మా ఇంటికి వచ్చే పిల్లలు మొట్టమొదట పావురం గురించే అడుగుతారు. పావురం ఎక్కణ్ణుంచి వస్తుందండీ అంటారు. బజారు నుంచి వస్తుందని చెబుతాను. దానికి గింజలు వెయ్యాలి, రెట్ట ఎత్తాలి, బస్సులో తీసుకెళ్తే కండక్టరుతో మాటలు పడాలి. ఇంతవరకూ వినేసరికి సగం మంది లేచి వెళ్లిపోతారు. మిగిలిన సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

నేను మెజీషియన్‌గా రిటైరయ్యాను గానీ మెజీషియన్‌గా చేరలేదు. పెట్టెలో మనిషిగా చేరాను. స్టేజీ మీద మా ఆయన ప్రొఫెసర్ శంకర్, నేను మిస్ రాణి. పెళ్లయిన పిల్లని మిస్ అనడమేమిట్రా అని మా అత్తగారు అడిగితే, ఆర్టిస్టులకి అలాగే రాస్తారమ్మా అన్నారు ఆయన. ఆవిడ నా మెళ్లో తాళి వంక ఒకసారి చూసి ఊరుకుంది. నా అసలు పేరు నాగమణి.

ప్రొఫెసర్‌గారు

మాది బందరు. మా ఆయన అక్కడ ఒక ఇనప సామాన్ల కొట్లో గుమాస్తాగా ఉండేవారు. పేక ముక్కలతో, రుమాళ్లతో చేసే పనులన్నీ చిలకలపూడి వైపు ఉండే ఒక ముసలి సాయిబుగారి దగ్గర నేర్చుకుని, ఒకరోజు కొట్టు మానేసి వచ్చి ఇంట్లో చెప్పారు. ప్రొఫెసర్ బిరుదు ఎవరిచ్చారని అడిగితే పెయింటరు ఇచ్చాడనేవారు. అది నిజమే. బోర్డు రాయమంటే ఆ పెయింటరు, మ్యాజిక్ వాళ్లందరికీ ముందు అదే రాస్తానండీ అని అడక్కుండానే రాసేశాడు. తుడిపిస్తే అక్కడ మచ్చ పడుతుందని ఉంచేశారు.

ఆయనకి చేతులు బాగా ఆడేవి. నోరు ఇంకా బాగా ఆడేది. తప్పు జరిగితే మాటల్లో ముంచేసి అవతలికి లాగేవారు. మనిషి మంచివారు, కాకపోతే స్టేజీ ఎక్కాక తనొక్కరే ఉన్నట్టు ఉండేవారు. ఈ పనిలో చాలామంది మగవాళ్లకి ఈ జబ్బు ఉంది. మందు లేదు.

జనం మా ఆటకి వచ్చేది ఒక్క ఐటం కోసం. దాన్ని వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పని అసలు ఏమిటో అందులోనే ఉంది. పెట్టె నిలువెత్తు బీరువాలా ఉంటుంది. ముందొక తలుపు, వెనక జనానికి కనపడని ఇంకో తలుపు. దాని వెనక నల్లగుడ్డ తెర. నేను జిగేలుమనే డ్రెస్సు వేసుకుని లోపలికి ఎక్కుతాను. ఆయన తలుపు మూసి మాట్లాడటం మొదలుపెడతారు. ఆ లోగా నేను వెనక తలుపులోంచి దిగాలి. చెప్పులు చప్పుడు చేస్తాయి కాబట్టి విప్పి అక్కడే వదిలెయ్యాలి. తెర వెనక వేలాడదీసిన పాత నేతచీర డ్రెస్సు మీదే చుట్టుకోవాలి. బయటి నుంచి చుట్టూ పరిగెత్తుకొచ్చి, జనానికి వెనకవైపు ఆడవాళ్ల మధ్య కూర్చుని, పైట నెత్తి మీదికి లాక్కోవాలి.

ఇక్కడ ఆయన తలుపు తెరిచి ఖాళీ పెట్టె చూపిస్తారు. ఎక్కడికెళ్లింది, మీలో ఎవరైనా చూశారా అని అడుగుతారు. పెట్టె వెనక ఉందని పిల్లలు అరుస్తారు. ఆయన పెట్టెని గుండ్రంగా తిప్పి చూపిస్తారు. అప్పుడు దీపావళి తుపాకీ కంటే కాస్త పెద్ద తుపాకీ ఒకటి తీసి పైకి పేలుస్తారు. తుపాకీ పేలగానే నేను చీర విసిరేసి లేచి నిలబడాలి. జనం ఒకసారి నా వైపు తిరిగి, మళ్లీ ఆయన వైపు తిరిగి చప్పట్లు కొడతారు.

గుడివాడలో తలుపు

బందరు గాలికి చెక్క ఉబ్బుతుంది. వానాకాలం మరీను. ఈ సంగతి వడ్రంగి చెప్పాడు గానీ మేం వినిపించుకోలేదు.

గుడివాడలో ఒక సినిమా హాల్లో పొద్దుటి పూట మా ఆట. ముందు రెండు రోజులూ ముసురు. నేను పెట్టెలోకి ఎక్కాను, ఆయన తలుపు వేశారు, నేను వెనక తలుపు నెట్టాను. రాలేదు. భుజం ఆనించి నెట్టాను. రాలేదు. బయట ఆయన హిమాలయాల్లో యోగుల గురించి చెబుతున్నారు. తలుపు బిగిసిపోయిందని ఆయనకి చెప్పే దారి నాకు లేదు. యోగుల సంగతి అయిపోయింది, ఆయన చెయ్యి ఊపి తలుపు తెరిచారు. నేను ఉన్నాను. ఏం చెయ్యాలో తోచక జనానికి నమస్కారం పెట్టాను.

ఆయన జనం వైపు తిరిగి, "ఈవిడ మా ఆవిడేనండీ, చెప్పిన మాట ఎప్పుడు విన్నది గనక" అన్నారు. హాలు హాలంతా నవ్వింది. హాలు మేనేజరుగారికి అది ఎంత నచ్చిందంటే రోజూ అలాగే చెయ్యమని అడిగాడు. ఆయనతో మాకు చాలాకాలం వ్యాపారం జరిగింది. మ్యాజిక్ తప్ప మిగతావన్నీ ఆయనకి నచ్చేవి.

ఆ రోజు నుంచి తలుపు అంచులకి కొవ్వొత్తి రుద్దడం మొదలుపెట్టాం. అది మంచి అలవాటు, మీరూ చెయ్యండి. రెండో సంగతి కూడా అప్పుడే చెప్పాను. లోపలున్న మనిషి బయటున్న మనిషికి ఏదైనా చెప్పాలంటే ఒక గుర్తు ఉండాలి, తట్టడమో దగ్గడమో ఏదో ఒకటి అన్నాను. నువ్వు చెప్పాల్సిందేం ఉంటుంది అన్నారాయన. కోపంగా అనలేదు. నిజంగానే ఆయనకి తట్టలేదు.

అన్నట్టు బస్సుల సంగతి. పెట్టెని బస్సు టాపు మీద వేసుకుని తిరిగేవాళ్లం. పామర్రులో దింపి ఇంకో బస్సు మీదికి ఎక్కించాలి. ఒకసారి ఒక పెద్దాయన అదంతా చూసి, నా పక్కన కూర్చుని, ఎవరమ్మా పోయింది అని మెల్లిగా అడిగాడు. ఎవరూ పోలేదండీ, అందులో ఉండేది నేనే అన్నాను. ఆయన లేచి వేరే సీట్లోకి వెళ్లి కూర్చున్నాడు.

దివిసీమలో

ఉప్పెన గురించి నేను రాయను. అది చూసినవాళ్లు రాయాలి. మేం బందరులో ఉన్నాం, పైకప్పు పోయింది, మనుషులం మిగిలాం. నాగాయలంక అవతల ఊళ్ల సంగతి వేరు.

అది జరిగిన కొన్ని నెలలకి, అలాంటి ఒక ఊరి నుంచి ఒక మాష్టారుగారు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఊళ్లో ఇళ్లు లేవు, అందరూ రేకుల షెడ్లలో ఉంటున్నారు, పిల్లలు బడిలో కూర్చుంటారు గానీ మాట్లాడటం లేదు, ఒక్కసారి నవ్వితే చాలు అన్నారు. ఉప్పెనకి ముందు ఏడాది మా ఆట ఆ ఊళ్లో ఆడింది. పిల్లలు అప్పుడు నవ్వడం ఆయన చూశారట.

పెట్టె ఐటం పెట్టాలా వద్దా అని మా ఆయన దారంతా ఆలోచించారు. మాయం చేస్తే బాగుంటుందా అని ఒకసారి, తిరిగి తెస్తాను కదా అని ఒకసారి తనలో తనే అనుకున్నారు. చివరికి, పోయిన మనిషి తిరిగొచ్చేది ఒక్కసారైనా చూస్తారు, పెడదాం అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదేనని ఇప్పటికీ అనుకుంటాను. నన్ను మాత్రం అడగలేదు. పెట్టెలో ఎక్కేవాళ్లని అడిగే అలవాటు మా పనిలో అప్పటికి లేదు.

కరెంటు లేదు కాబట్టి ఆట మధ్యాహ్నం పెట్టారు. రేకుల షెడ్డులో ఒక చివర బల్లలు కలిపి స్టేజీ కట్టారు. దాని వెనక మా నల్లతెర, తెర దాటితే కాలవ గట్టు. పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు. ఆ ఒక్క వరసకే సరిపోయారు. వాళ్ల వెనక మగవాళ్లు, అందరికీ వెనక ఆడవాళ్లు.

పావురానికి పిల్లలు నవ్వారు. చెవిలోంచి గుడ్డు తీస్తే ఒక పిల్ల పకపకా నవ్వింది, మాష్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నేను పెట్టెలోకి ఎక్కాను. కొవ్వొత్తి రుద్దిన తలుపు మెత్తగా వచ్చింది. చెప్పులు గట్టు మీద విప్పేసి, చీర చుట్టుకుని, బురదలో చుట్టూ పరిగెత్తి వచ్చి ఆడవాళ్లలో చివరన కూర్చున్నాను.

నా పక్కన ఒక ముసలమ్మ గోనెపట్టా మీద కూర్చుని ఉంది. నా రొప్పు విని తిరిగింది. బురద కాళ్లు చూసింది, చీర కింద మెరుస్తున్న అంచు చూసింది, స్టేజీ మీద పెట్టె చూసింది. ఆవిడకి అంతా తెలిసిపోయింది. తన గోనెపట్టా సగం నా వైపు జరిపి, నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ పేరు వెంకాయమ్మ అని తర్వాత తెలిసింది. ఇంట్లో ఆవిడ ఒక్కతే మిగిలింది.

స్టేజీ మీద ఆయన ఖాళీ పెట్టె చూపించి, ఎక్కడికెళ్లింది, మీలో ఎవరైనా చూశారా అని అలవాటుగా అడిగేశారు. పెట్టె వెనక అని ఏ పిల్లా అరవలేదు. ఆ మాట అక్కడ అడగాల్సింది కాదని ఆయనకి అప్పుడు అర్థమైంది. పెట్టె తిప్పడం కూడా మానేసి గబగబా తుపాకీ పేల్చారు.

నేను లేవబోయాను. వెంకాయమ్మ చెయ్యి వదల్లేదు.

"లెగమాకు" అంది.

"లేవాలి మామ్మా, తుపాకీ పేలింది" అన్నాను.

"పేలనీ. లెగిస్తే రేపు మళ్లీ పెట్టెలో పెడతాడు. నీకేం పనే, కూర్చో."

లాక్కుంటే వచ్చే చెయ్యే అది. ఆవిడ ఎముకల గూడు, నేను వయసులో ఉన్నదాన్ని. కానీ లాక్కోలేకపోయాను. పెళ్లయినప్పటి నుంచీ ఎన్నో ఊళ్లలో ఎందరో నన్ను ఆ పెట్టెలోకి ఎక్కమన్నారు, త్వరగా ఎక్కమన్నారు, నవ్వుతూ ఎక్కమన్నారు. ఎక్కొద్దన్న మనిషి ఆవిడొక్కతే.

రెండోసారి తుపాకీ పేలింది. నేను లేవలేదు. మూడోసారి పేల్చడానికి అందులో మందు లేదు. నేను ఇక్కడ ఉన్నానని ఆయనకి చెప్పే గుర్తు ఏదీ మా మధ్య లేదు. ఆయన కాసేపు జనం వంక చూసి, స్టేజీ దిగి తెర వెనక్కి వెళ్లారు. అక్కడ గట్టు మీద నా చెప్పులున్నాయి. వాటి పక్కనే కాలవ, నిండుగా.

"నాగమణీ" అని అరుపు వినపడింది.

అప్పటిదాకా జనం ఇదీ ఆటే అనుకున్నారు. మిస్ రాణి అని పిలిచిన మనిషి ఆ గొంతుతో ఇంకో పేరు పిలిచేసరికి ఆట కాదని తెలిసింది. ఎవరూ ఈల వెయ్యలేదు, ఎవరూ గోల చెయ్యలేదు. ఇక్కడున్నానని నేనన్నది ముందుదాకా వినపడలేదు. మగవాళ్లందరూ లేచారు. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. షెడ్డు గోడకి ఆనించి ఉన్న వెదురు గెడలు తీసుకుని, సగం మంది కాలవకి ఈ వైపు, సగం మంది వంతెన దాటి ఆ వైపు నడిచారు. నీళ్లలో వెతకడం వాళ్లకి వచ్చు. గట్టు మీద కూలబడ్డ మా ఆయన దగ్గరికి ఒకాయన వచ్చి, భుజం మీద చెయ్యేసి, అమ్మాయి పుట్టిల్లు ఏ ఊరండీ అని అడిగాడట. కబురు పంపడానికి.

ఆ గెడలు వెంకాయమ్మ చూసింది. నా మణికట్టు వదలకుండానే తను ముందు లేచి, నన్ను లేపింది. ఆ ముసలి గొంతులోంచి అంత కేక వస్తుందని నేననుకోలేదు.

"గెడలు దింపండ్రా. పిల్ల ఇక్కడుంది. బతికే ఉంది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్లు నా చుట్టూ మూగి, నా చేతులు, జుట్టు తడిమి చూశారు. వంతెన మీదున్న ఒకతను గెడ కింద పడేసి అక్కడే కూర్చుని ఏడ్చాడు. పిల్లలు మాత్రం ఇది మొదటిదాని కంటే బాగుందన్నారు. ముందు వరసలోంచి ఒకడు, పెట్టె వెనక లేదుగా, చెప్పానుగా అని పక్కవాడితో దెబ్బలాట మొదలుపెట్టాడు. పిల్లలు దెబ్బలాడుకుని చాలాకాలమైందని మాష్టారు తర్వాత చెప్పారు.

మా ఆయన చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని వచ్చారు. నా ముందు పెట్టారు. అంతకు ముందు, ఆ తర్వాత ఆయన్ని అలా చూడలేదు.

వెంకాయమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "మాయం చెయ్యకపోతే నీకు పూట గడవదా అబ్బాయ్?" అంది.

గడవదమ్మా అన్నారు ఆయన. అదీ నిజమే.

"అయితే నువ్వెక్కు పెట్టెలో. ఈ పిల్లని ఎక్కించమాకు."

ఆయన సరేనన్నారు. నాకు చెబితే కాదు, అందరి ముందూ చెప్పు అంది ఆవిడ. ఆయన స్టేజీ ఎక్కి, ఇకమీదట మా ఆవిడని పెట్టెలో ఎక్కించను అని చెప్పి దిగారు. ఆయన జీవితంలో ఇంగ్లీషు ముక్క లేకుండా, యోగులు లేకుండా చేసిన ప్రసంగం అదొక్కటే. అప్పుడు గానీ ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత

వేడి మీద అన్న మాట బందరు చేరేసరికి చల్లారుతుందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన వడ్రంగిని పిలిపించి తన కొలతలు ఇచ్చారు. పాత పెట్టెలో ఆయన పొట్ట పట్టలేదు. వెనక తలుపు వెడల్పు చెయ్యాల్సి వచ్చింది.

గుడివాడ మేనేజరుగారు ఈ మార్పు విని బాధపడ్డాడు. ఆడమనిషి మాయం కావాలమ్మా, ప్రొఫెసర్‌గారు మాయమైతే ఎవరికేం నష్టం అన్నాడు. కొన్నాళ్లు ఆయన మాటే నిజమైంది, ఆటలు తగ్గాయి. తర్వాత ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. మొగుణ్ణి పెట్టెలో పెట్టి తలుపు వేసే ఆట చూడటానికి వాళ్లు ముదినేపల్లి నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. తిరిగి రప్పించేటప్పుడు కొందరు తొందరేం లేదని అరిచేవారు. మేనేజరుగారు మళ్లీ మాకు కబురు పెట్టాడు.

నాకు ఆయనలా మాట్లాడటం రాదు. తక్కువ మాట్లాడేదాన్ని. దాన్ని జనం గాంభీర్యం అనుకున్నారు, నేనూ కాదనలేదు. మీలో మాటలు రానివాళ్లు భయపడక్కర్లేదు. ఎక్కడికెళ్లారు, ఎవరైనా చూశారా అనే మాట మాత్రం నేను ఏ ఊళ్లోనూ అడగలేదు. పెట్టెలోంచి ఒక గుర్తు, జనంలోంచి ఒక గుర్తు పెట్టుకున్నాం. చేరుకోగానే రెండుసార్లు దగ్గాలి. ఆ దగ్గు వినపడకుండా నేను తుపాకీ ముట్టుకోలేదు. ఈ పనిలో చేరే పిల్లలకి నేను ముందు నేర్పేది ఈ దగ్గే. పేక తర్వాత.

ఇళ్లు లేచాక మాష్టారుగారు మళ్లీ పిలిచారు. అదే ఊరు, అదే కాలవ. వెంకాయమ్మ అందరికీ వెనక, గోనెపట్టా మీద ఒక వారగా కూర్చుని, పక్కన ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంచింది. ఎవరైనా అక్కడ కూర్చోబోతే వద్దంటోంది.

మా ఆయన పెట్టెలోకి ఎక్కారు. నేను తలుపు వేశాను. మెల్లిగా కొన్ని మాటలు చెప్పాను, ఆయన పొట్టతో అంత దూరం పరిగెత్తాలి కదా. తలుపు తెరిచి ఖాళీ పెట్టె చూపించాను. దగ్గు వినపడలేదు. ఇంకొన్ని మాటలు చెప్పాను. వినపడలేదు. తెర వెనక కాలవ ఉంది. ఆ రోజు గట్టు మీద ఆయనకి ఏమైందో నాకు అప్పుడు తెలిసింది. జనంలో ప్రతి మొహం చూస్తున్నాను, ఒక్కటీ కనపడటం లేదు. చేతిలో తుపాకీ తడిసిపోయింది.

వెనక ఎక్కడో దగ్గు వినపడింది. రెండుసార్లు కాదు, రొప్పుతో కలిసి చాలాసార్లు. నేను తుపాకీ పేల్చాను. గోనెపట్టా మీంచి వెంకాయమ్మ చెయ్యి ముందు లేచింది. ఆ చేతిని పట్టుకుని మా ఆయన లేచారు.